తొమ్మిదో అంకె

దోహా, సనయ్య, పద్నాలుగో గల్లీ.
ఓటీపీల కోసం బతికించుకున్న పాత సిమ్ము
డ్యూటీ దిగినంక మోగింది.

"మీ నియోజకవర్గంలో ముఖ్య సమస్య ఏది?
రోడ్లకు ఒకటి, నీళ్లకు రెండు, కరెంటుకు మూడు..."
మర్యాదగల్ల మిషిని గొంతు.

పై మంచం నర్సింగం
బూట్ల దుబ్బ దులుపుకుంట అడిగిండు:
"పెట్టె ఇల్లు చేరనీకె ఎన్నో నంబరు?"
ఓదేలు పరుపు ఇంకా చుట్టలే.
పదిహేడు రోజులాయె, మార్చురీలనే ఉన్నడు.

లిస్టుల నా పేరుంది.
పోలింగు నాడు ఊళ్లె నిలబడితెనే లెక్క;
టికెట్టుకు రెండు నెల్ల జీతం.
పంపిన పైసలకు మాత్రం
ఎవ్వరూ హాజరు అడుగరు.

తొమ్మిది నొక్కిన.
"మీరు తప్పు అంకె ఎంచుకున్నారు."
నర్సింగం గుంజుకొని నొక్కిండు.
ఫోను మంచాలెంబడి తిరిగింది.
ఆరుగురం, అదే తొమ్మిది.

అక్కడ
రోడ్డే గెలిచుంటది.