కడబంతి

తెల్లవారుజామున అయిదూ నలభైకి
మీనంబాకం నుంచి రాజమండ్రికి.
తొమ్మిదేళ్ళు ఆ విమానంలో
ఉప్మా బండి తోసింది నేనే.
పొగలు కక్కే ఉప్మా, చిన్న గిన్నెలో కొబ్బరి పచ్చడి,
నిఖార్సయిన స్టీలు చెంచా.
దిగాక చెంచాలు లెక్కపెట్టేవాళ్ళం.
రోజుకో నాలుగు తగ్గేవి.
గోదావరి ఒడ్డున ఎన్ని వంటిళ్ళలో
మా కంపెనీ గుర్తు
పోపులపెట్టెలో పడుకుని ఉందో!

చివరి వరసలో పేర్రాజుగారు.
మణ్ణడిలో నట్లూ బోల్టుల వ్యాపారం.
నెలకి రెండుసార్లు, అదే కిటికీ.
"వడ్డించేది మనవాళ్ళయితే
కడబంతిలో కూర్చుంటే ఏమిటమ్మాయ్"
అని, రెండో ఉప్మాకి చెయ్యి చాచేవారు.
నేను ఇచ్చేదాన్ని.
ఆ బండిలో ఎప్పుడూ
ఒక ప్లేటు ఎక్కువే ఉండేది.

జూన్ ఒకటిన ఒక కాగితం వచ్చింది.
అందులో ఉప్మా లేదు.
మూడు వరసలు అదనంగా ఇరికించారు,
ఆ సంగతి ముందు మోకాళ్ళకి తెలిసింది.
చీర తీసుకుని టీ షర్టు ఇచ్చారు,
వీపు మీద కప్పు నూడుల్స్ బొమ్మ,
కింద ధర.
నేను వెనక్కి తిరిగితే
జనం నన్ను చదివేవారు.

ఏడు కిలోల మీద పావు కిలో ఉందన్నందుకు
మైసూరుపాకు పెట్టె అక్కడే విప్పి
క్యూలో అందరికీ పంచేశాడొకాయన,
మాకు తప్ప.
ఇంకొకామె మూడు చీరలు
ఒకదాని మీద ఒకటి చుట్టుకుని ఎక్కి
బెల్టు పట్టక, నన్నే తిట్టింది.

పేర్రాజుగారు ముందు అరవలేదు.
ధరల అట్ట ముక్కుకి ఆనించుకుని
పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివారు.
"మంచినీళ్ళు కూడానా?"
తర్వాత లేచి నిలబడ్డారు.
"ఇది విమానమా, కోయంబేడు బస్టాండా?"
"బస్టాండులో కుళాయి ఉందండీ" అన్నారెవరో.
ముప్ఫై మూడు వరసలూ చప్పట్లు.
కింద అడయారు నది
ఏమీ పట్టనట్టు సముద్రంలోకి పోతోంది.

టికెట్టు తగ్గింది కదండీ, అనబోయాను.
నోటిదాకా వచ్చి ఆగింది.
తగ్గింది మొదటి రెండు వారాలే.
ఆయన అట్ట నా చేతిలో పెట్టి
మెల్లిగా అన్నారు:
"నువ్వు కూడానా, అమ్మాయ్."
అరిచినా బావుండేది.
ఆ తర్వాత ఆ కిటికీలో
ఎవరెవరో.

సెప్టెంబరులో అక్క కూతురి ఓణీల ఫంక్షన్.
స్టాఫు టికెట్టు మీద నాకొచ్చిన సీటు
ముప్ఫై మూడు, నడిమిది,
వెనక్కి వాలనిది,
పక్కనే బాత్రూం తలుపు.
బండి తోసుకుంటూ ఎళిలరసి వచ్చింది.
పల్లావరం కొండ మీద విమానం ఒరిగినప్పుడు
కాఫీ కెటిల్ ఎటు వంచాలో
దాని మణికట్టు పట్టుకుని నేర్పింది నేను.
"కాఫీ, అక్కా?"
"ఊఁ."
కప్పు నింపింది. అంచుదాకా నింపింది.
తల వంచుకుని అంది:
"నూట నలభై."

సరుకు లెక్క తప్పితే కోత దాని జీతంలోనే.
నాకు తెలుసు. ఆ కోత పడ్డదాన్ని నేను.
తెలిసి కూడా,
నా నోట్లో పేర్రాజుగారి నాలుక కదిలింది:
"నువ్వు కూడానా?"

అది బదులు చెప్పలేదు.
మిషను చెప్పింది, కిర్రుమని,
జానెడు కాగితం బయటికి తోసి.
పక్క సీటాయన నా వైపు తిరిగి
"బాగా అడిగారు మేడమ్,
వీళ్ళని ఊరికే వదలకూడదు" అన్నాడు.

వడ్డించింది మనదే.
కడబంతే.
కాఫీ ఎప్పటిలాగే కొంచెం చేదు.

చక్కెర కలుపుకోమని
ఒక చెక్కపుల్ల ఇచ్చి వెళ్ళింది ఎళిల్.
అవి ఎవరూ లెక్కపెట్టరు.
దిగేటప్పుడు
కొంగుతో తుడిచి
సంచిలో వేసుకున్నాను.