పాంఢర్యా అంటే తెల్లోడు

మిరుగు మొదటి వాన పడ్డ నాడు పోయిండు.
గిర్ని వెనుక, తౌడు సంచుల పక్కన
నేనే తవ్విన.
నేల పైపైన్నే తడిసింది,
మూరెడు లోపల ఎండకాలం అట్లనే ఉన్నది.

జొన్నపిండి సంచిల చుట్టి పెట్టిన.
వేరే గుడ్డ దొరకక కాదు,
ఆ వాసన లేకుంటే వానికి నిద్ర పట్టదని.

మూడు దినాలు గిర్ని తియ్యలే.
నాలుగో నాడు సిరొంచ సిరొంచంత
డబ్బాలు పట్టుకొని నిలబడితే బటన్ ఒత్తిన.
పట్టా తిరిగింది. ఇగ ఒక తుమ్ము వినపడాలె.
పదకొండేండ్ల సంది అంతే,
మొదటి పిండి లేవంగనే వాడు తుమ్మేటోడు,
అది విన్నంకనే నా చెయ్యి జల్లెడ మీదికి పోయేది.
ఆ నాడు చెయ్యి గాల్లనే ఆగింది.
రాళ్లు వేడెక్కి, ఎవరి గోధుమలో గాని,
మాడు వాసన కొట్టినయి.

"కుక్కకు ఇంత ఏడుస్తరా పోచుబాయీ"
అన్నది మా ఆడబిడ్డ.
నిజమే, మొగడు పోయిననాడు ఇంత ఏడ్వలే.
ఆయనకు ఏడ్వటానికి వాడంత ఉండె.
వీనికి నేనొక్కదాన్నే అనుకున్న.

అంగడి నాడు జూరి వచ్చింది,
ఇప్పపలుకు గంప దించి
అరుగు కింద వంగి చూసి, "నై?" అన్నది.
వాళ్ల మాటల నై అంటే కుక్క. వేరే పేరు పెట్టలే.
నేను చెయ్యి ఊపిన. ఆమె ఏమనలే.
కొంగున కట్టుకొచ్చిన ఎండుచేప తల విప్పి
నా చేతుల పెట్టి అంగట్లకు పోయింది.
ఎన్నేండ్ల సంది తెస్తున్నదో
నాకు తెల్వనే తెల్వదు.

కుందాబాయి, పొయ్యి మీది మొదటి భాకరి
ఇప్పుడు ఎవలకు పెట్టాలె అని మరాఠీల అడిగింది.
తెల్వదని తెలుగుల చెప్పిన.
ఇద్దరం కాసేపు ఆ భాకరి దిక్కే చూసినం.

కండక్టర్ నామ్‌దేవ్ అహేరి బండిల
టికెట్ల సంచిల పెట్టి ఒక పిల్లను తెచ్చిండు.
మంచి పిల్లే. నా కొంగు నాకింది.
వద్దన్న, ఇప్పుడే వద్దు.
చేతులు ఖాళీగ లేవు నామ్‌దేవూ, అన్న.
ఉత్త చేతులు చాపుకుంటనే.

పొద్దుగూకినంక కదమ్ వచ్చిండు.
ప్రాణహిత వంతెన కాడ రాత్రి డ్యూటీ చేసే పిల్లగాడు,
ఎక్కడి సాతారనో, దసరా తర్వాత దిగిండు,
మన వాన ఇంకా చూడలే.
"అక్కా, పాంఢర్యా వారం నుంచి వస్తలేడు."
పాంఢర్యా ఎవలు?
"నీ కుక్కనే గద. తెల్లోడు."
నాది కర్రెది బిడ్డా. కర్రెగాడు దాని పేరు.
"కాదక్కా, తెల్లది, పాల లెక్క.
తోక కొన ఒక్కటే నలుపు."

నాకు సమజైతందుకు జరసేపు పట్టింది.
దినమంత నా పిండిల పొర్లి, తెల్లగై,
చీకటి పడంగనే వంతెన మీదికి పోయేటోడన్నట్టు.
తోక ఊపుతనే ఉంటడు గద,
అక్కడొక్క కాడ పిండి నిలువదు.

నవ్వొచ్చింది.
పట్టుకుందామంటే ఆగలే.
జల్లెడ కింద పెట్టి, మోకాళ్ల మీద వంగి నవ్విన,
ఆ నవ్వులకెల్లే ఏడ్పు కూడ వచ్చింది.
పిల్లగాడు బెదిరి టోపీ తీసి చేతుల పట్టుకున్నడు.
"కర్రెదా?" అన్నడు. "నిజంగ?"
ఈసారి వాడూ నవ్విండు.

పదకొండేండ్లు నా కాళ్లకాడ పడి ఉన్నోడు
రాత్రి ఎటు పోతడో ఒక్కనాడు అడగలే నేను.
పొద్దున తలుపు తీస్తే ఉండేటోడు, మంచుకు తడిసి,
కర్రెగ, అంతే.

మోటరు బంద్ చేసిన.
ఇంక నాలుగు డబ్బాలున్నయి, ఉండనీ.
స్టూలు జరిపిన. కూసో కదమూ.
లారీలు వస్తే మొరిగేటోడా?
చలికి నీ పక్కన పండేటోడా, దూరమేనా?
నీళ్ల దిక్కు చూస్తుండెనా?
చెప్పు. మరాఠీలనే చెప్పు,
అర్థమైతది.