మూడో కాగితం

ఫహహీల్‌లో రాత్రి పదకొండు దాటింది.
వంటింట్లో ట్యూబ్‌లైటూ నేనూ మేలుకొని ఉన్నాం.
మేడమ్ కూతురు పారేసిన రంగులపెట్టె;
పసుపు లేదు, నీలం అడుగంటింది.

కాగే నూనె ముందర వణకని చెయ్యి
తెల్లకాగితం ముందర వణుకుతాంది.

మొదటిది చింపేసినా.
రెండోదాంట్లో సముద్రం గీస్తే
గిన్నెలు కడిగిన నీళ్లయింది.
"నీకెందుకే ఓబుళమ్మా ఈ యేషాలు!"
విసిరికొడితే
కుంచె ఫ్రిజ్ కిందికి పోయింది.

మోకాళ్ల మీద వంగి
చీపురుపుల్లతో లాగినా.
దుమ్ముతో సహా వచ్చింది.
కడగలేదు.
ఆ దుమ్ముతోనే అద్దినా, మూడోదాని మీద.

అరే,
కిటికీ అవతల గాలిదుమారం
అచ్చం ఇట్లే కదా ఉంటాది!

పోపులపెట్టె తెరిచి
తడివేలితో చిటికెడు పసుపు.
దుమారంలో
వీధిలైటు వెలిగింది.

సముద్రం సంగతి రేపు చూస్తా.