వంటింటి మీదుగా

లారీ బాడీల మీద నెమళ్ళు వేసే చేతికి
ఈసారి మునిసిపాలిటీ వాళ్ళు ఒక్క రంగే ఇచ్చారు.
నీలం. రెండు డబ్బాలు, ఒక టేపు, పటం జిరాక్సు.
"గీత ఏ గోడని తాకితే ఆ గోడ మీద గీసెయ్ పెంచలయ్యా,
అడుక్కి ఇంత" అన్నాడు ఏఈ.

అడుక్కి ఇంత అంటే నాకు లాభమే,
వంకరలు తిరిగితే ఇంకా మంచిది.
పెన్న ఎప్పుడు తిన్నగా పారింది గనక!

పొర్లుకట్ట దిగువనించి మొదలుపెట్టా.
ఐసు ఫ్యాక్టరీ ప్రహరీ, రొయ్యల మేత గోడౌను,
మూతబడ్డ రైసు మిల్లు.
గోడల మీద ఆ ఏటి ఒండ్రు మరక ఇంకా పోలేదు.
కొన్ని మరకలు నా గీతకి లోపల పడ్డాయి, కొన్ని బయట.
నీళ్ళు రాసింది ఒకటి, కాయితం చెప్పింది ఇంకోటి.
కూలి మాత్రం కాయితానికే.

మూడోనాడు మిట్టమధ్యాహ్నం
పటం మీద వేలు పెట్టి పోతా పోతా ఆగిపోయా.
మా వీధి.
మా ఇల్లు.
గీత మా వంటింటి మీదుగా పోతోంది.
హాలు బయట, పొయ్యి లోపల.

ఫోన్ చేస్తే ఏఈ నవ్వాడు:
"శాటిలైటు చూసి వేసిందయ్యా, నువ్వూ నేనూ వేసింది కాదు."
అంత పైనించి చూసిందానికి మా గడప ఎత్తు ఎట్టా తెలుస్తుంది?
రెండడుగులు లేపి కట్టుకున్నా,
ఒక ఎండాకాలమంతా లారీల వెనక 'మళ్ళీ కలుద్దాం' రాసిన డబ్బుతో.

అయినా గీశా. నా ఇంటి మీద నేనే.
వదిలేస్తే పద్దెనిమిది అడుగుల కూలి పోద్ది.

నెల తిరక్కుండా బ్యాంకు ఉత్తరం.
అప్పు తీరేదాకా వరద బీమా ఉండి తీరాలంట.
పోయినేడు పద్దెనిమిది వందలు,
ఈ యేడు ఏడువేల నాలుగొందలు.
ఇల్లు ఉన్నచోటే ఉంది, గీతే నడిచొచ్చింది.

బీమా పిల్ల షాహీన మా అరుగు మీద కూర్చుని
మెల్లగా అడిగింది: "గోడలకేనా అన్నా, సామానుకి కూడానా?"
రెండూ అయితే పదకొండు వేలు.
"గోడలకి చాల్లే" అన్నా.

దోసెపిండి అమ్మే రవణమ్మ లోపల్నించి వచ్చింది, చేతులు పిండితోనే.
"గ్రైండరు హాల్లోకి జరిపితే లెక్క తగ్గదా అమ్మాయ్?"
షాహీన నవ్వలేదు. నాకు ఆ పిల్ల మీద గౌరవం పెరిగింది.
"గోడల కోసం బ్యాంకోళ్ళు భయపడతారు" అంది రవణమ్మ,
"గ్రైండరు కోసం భయపడేది నేనే గదా."
ఆ నెల చీటీ కట్టలేదు. రెండిటికీ కట్టాం.

ఎదురింటి మస్తానమ్మ గీతకి బయట.
"నాకు తప్పిందబ్బయా!" అని ఉన్న బీమా కూడా ఆపేసి
ఆ డబ్బుతో కొత్త మిక్సీ తెచ్చుకుంది.
ఆమె సంబరం చూస్తే నాకు నోరు పెగల్లేదు.

ఆ ఏడు నీళ్ళు మా ఇంట్లో మోకాలికి వచ్చాయి,
ఆమె ఇంట్లో స్విచ్చి బోర్డుకి.
రెండు రాత్రులు అందరం ఆమె మిద్దె మీదే,
తడిసిన అగ్గిపెట్టెతో, ఒక బిస్కట్ పాకెట్టుతో.
ఆమె మరిచిపోలేదు.
మరిచిపోవచ్చని కాయితం వచ్చింది, అంతే.

పని ముగిశాక డబ్బా అడుగున కాస్త రంగు మిగిలింది.
సాయంత్రం ఆమె ఇంటికి పోయి
స్విచ్చి బోర్డు పక్కన జానెడు గీత గీశా.
"ఇదేంది, పటంలోదా?"
"కాదు, దీనికి కూలి లేదు" అన్నా.

ఒక్కసారి దాన్ని వేలితో తాకి చూసింది.
మర్నాటికి దాని మీద క్యాలెండరు తగిలించి ఉంది.

సరేలే.
నవంబరు కాయితం తిప్పేటప్పుడన్నా
కనబడకుండా పోతుందా.