అనుకోవాలి

బుడమేరు పొంగింది అనుకోవాలి, అన్నారు పరిశీలకులు,
సరిగ్గా పది గంటల ఐదు నిమిషాలకి.
మే నెల. బయట తారు చెప్పులకి అంటుకుంటోంది.
కుండలో నీళ్ళు అప్పటికే అడుక్కి చేరాయి.
అయినా సరే, అనుకున్నాం.

మౌలాలి సుద్దముక్కతో గోడ మీద
మోకాలెత్తున గీత గీశాడు: నీళ్ళు ఇక్కడిదాకా.
ఆ గీతకి జానెడు పైన
పోయిన వరద మరక
కొత్త సున్నం కింద నుంచి ఇంకా తొంగిచూస్తూనే ఉంది.
ఎవరం ఏమీ అనలేదు.
ప్లానులో మోకాలనే ఉంది.

మాది జనన మరణాల విభాగం.
గంటలోపు రిజిస్టర్లతో సహా
మొగల్రాజపురం కొండవార కమ్యూనిటీ హాలుకి మారి
ఒక్క సర్టిఫికెట్టయినా ఇచ్చి చూపించాలి.

జనరేటర్ ఉంది, డీజిల్ లేదు.
డీజిల్‌కి ఇండెంట్ ఉంది, దాని మీద సంతకం లేదు.
పాస్‌వర్డు తెలిసిన హిమబిందు ప్రసూతి సెలవులో ఉంది.
పిల్లాడి ఏడుపు మధ్యలోంచి ఒక్కో అక్షరమే చెప్పింది.
పుట్టబోయేవాడికి అనుకున్న పేరట అది.
"తర్వాత వేరే పేరు పెట్టాం మేడమ్,
అక్కడ మాత్రం మార్చలేదు."

ఇక ఇనప్పెట్టె లాంటి ఆ పాత బీరువా.
తాళం భ్రమరాంబ గారి హ్యాండ్‌బ్యాగులో,
హ్యాండ్‌బ్యాగు ఆవిడతో పాటు గుంటూరులో, కోర్టు వాయిదాకి.
రెండో తాళం ఎవరి దగ్గర?
జాబితా తీశాం. టి. సువార్తరాజు, సీనియర్ అసిస్టెంట్.
పక్కన నంబరు.

నా వేలు నాకన్నా ముందే నొక్కేసింది.
"రూతమ్మనండీ. ఆయన లేరు."

లేరని నాకు తెలుసు.
కరోనా రెండో ఏడు ఆయన సర్టిఫికెట్ మీద
పొట్టి సంతకం నాదే.
ఊరందరి చావులూ రాసుకునే ఆఫీసు
తన జాబితాలో ఒక్క పేరు కొట్టెయ్యలేదు.

క్షమించండమ్మా, పొరపాటున, అంటుండగానే
"బీరువా తాళమా?" అందావిడ.
"మేకుకే ఉంది. ఎప్పుడో ఒకప్పుడు ఆఫీసోళ్ళు అడుగుతారు,
తియ్యమాకన్నారు.
వరదప్పుడు సింగ్‌నగర్లో ఇల్లంతా మునిగింది గానీ
మేకు మునగలా."

మౌలాలి బండి మీద వెళ్ళొచ్చాడు.
తాళానికి ఎర్ర దారం, దారానికి అట్టముక్క,
అట్టముక్క మీద ఆ గుండ్రటి చేతిరాత:
"ఎడమకు త్రిప్పి, కొంచెం పైకెత్తవలెను."
పైకెత్తాం.
తెరుచుకుంది.

పొద్దుటినుంచీ టోకెన్ పట్టుకుని కూర్చున్న ఒక ముసలాయనకి
ఇదంతా ఉత్తుత్తిదని ఎవరూ చెప్పలేదు.
వరదంటే వరదే అనుకుని
తన ఆటోలోనే మా వెనక హాలుకొచ్చాడు,
ముందు సీట్లో ఇరుక్కుని తను,
వెనక సీటంతా రిజిస్టర్లు.
మొదటి కాగితం ఆయనకే ఇచ్చాం,
పింఛనుకి కావలసిన పుట్టిన తేదీ.
మేం ఇరవై రెండు నిమిషాలు ఆలస్యం.
ఆయన లెక్కన మూడు నెలలు.

సాయంత్రం నివేదిక.
"నేర్చుకున్న పాఠాలు, ఐదు వాక్యాలకు మించరాదు."
డీజిల్ రాశాను. సంతకం రాశాను. పాస్‌వర్డు, తాళం.
ఐదోది రాయలేక కాసేపు ఫ్యాను చూశాను.
మరక సంగతి రాసి కొట్టేశాను,
మళ్ళీ రాశాను.

జాబితా సవరించమన్నారు.
సువార్తరాజు గారి పేరు మీద పెన్ను పెట్టి
గీత పూర్తిగా గీయలేక
కింద ఇరుకులో రాశాను: రూతమ్మ.
"ఈవిడ హోదా?" అడిగారు పరిశీలకులు.
ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

ఐదున్నరకి ఫోను. ఆ నంబరే.
"పనయ్యిందాండీ?
తాళం మళ్ళా పంపిస్తారుగా,
మేకు బోసిగా ఉంది."