చీకట్లో సర్దిన ఇల్లు

గ్ల్దానీలో తొమ్మిదో అంతస్తు.
లిఫ్టులో పది తెత్రీల బిళ్ళ వేస్తే గానీ
ఎక్కనివ్వదు, దిగనివ్వదు.
"చెత్త పారెయ్యడానికీ సుంకమేనా" అంటుంది ఎతేరి అత్త
ఒక్కో బిళ్ళా లెక్కపెట్టి నా అరచేతిలో పెడుతూ.

శనివారం పొద్దున్నే మొదలెట్టాం.
అద్దాలు బిగించిన బాల్కనీ.
పేరుకే బాల్కనీ, లోపల అడుగు పెట్టాలంటే
పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి,
స్కీ కర్రల్ని బతిమాలుకోవాలి.

ఖాళీ సీసాలు నూట పద్నాలుగు.
జిప్పు తెగిన సూట్‌కేసు, దాని కడుపులో ఇంకో సూట్‌కేసు,
దాని కడుపులో ఒక్క గరాటు.
పళ్ళూడిన దువ్వెనలాంటి రేడియేటరు.
నోదార్ మామయ్య చదరంగంలో ఒక గుర్రం లేదు.
అది పిండి డబ్బాలో దొరికింది,
ఎందుకో ఎవరూ చెప్పలేదు.

"ఇదెందుకు?"
"ఉండనీ."
"ఇది?"
"దాని జోలికి పోకు."
"పోనీ ఇది?"
వస్తువును చూడలేదు, నా చేతిలో బిళ్ళను చూసింది.
"దానొక్కదానికి పది తెత్రీలు దండగ.
ఇంకోదాంతో కలిపి పంపు."

సాయంత్రానికి పదిహేడు బిళ్ళలు అయిపోయాయి.
గోడ బయటపడింది.
ఆ గోడది నీలం రంగని
ఇరవై ఆరేళ్ళకు తెలిసింది నాకు.

ఇక వంటింట్లో నా విద్య చూపించాను.
కొలతలు తీసి కొన్న గాజు డబ్బాలు, తెల్ల చీటీలు,
చీటీల మీద మా గుండ్రటి అక్షరాలు:
ఉప్పు, మెంతిపొడి, ఎండు బంతిపూలు.
అగ్గిపెట్టెలన్నీ ఒకే చోట, అన్నిటికన్నా పై అరలో.
కొవ్వొత్తులు పొడుగును బట్టి.
"ఎంత బావుందో" అంది అత్త
చేతులు వెనక్కి కట్టుకుని,
మ్యూజియంలో దేన్నీ ముట్టుకోకూడదన్నట్టు.

రాత్రి ఏ మూడింటికో చప్పుడు.
కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి.
అందులో అత్త, భుజాన శాలువా,
కిటికీ పక్క గోడను తడుముతోంది.
మేకుండాల్సిన చోటికి చెయ్యి చాచి
గాలిని పట్టుకుని
మళ్ళీ చాచి.

స్విచ్చు వేశాను.
వెలుగుతుందని అనుకోనట్టు
ఉలిక్కిపడింది.

మంచినీళ్ళు తాగి చెప్పింది:
"కరెంటు లేని చలికాలాలు, ఒకటా రెండా.
నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పుడు కూడా.
అగ్గిపెట్టె ఎడమచేతి మేకుకి. కత్తి దాని కింద.
కిరోసిన్ స్టవ్వు గుమ్మానికి నాలుగడుగులు.
నోదార్ మందులు గడియారం వెనక.
నీ పాలసీసా నా దిండు కింద, వెచ్చగా ఉండాలని.
వెతకడానికి ఒక్క పుల్ల గీసినా
వంటకు ఒక పుల్ల తక్కువ.
అలా సర్దుకున్నానే తెక్లే, ఈ ఇల్లు."

సర్దుకున్నాను అంది.
దాన్నే ఇన్నేళ్ళూ నేను
చిందరవందర అన్నాను,
నవ్వుతూ, నా స్నేహితుల ముందు కూడా.

ఆదివారం మేకు మళ్ళీ కొట్టాం.
గాజు డబ్బాలు సగం కిందికి పోయాయి, పద్దెనిమిదో బిళ్ళతో.
బంతిపూల చీటీ మాత్రం ఉంచమంది,
ఈమధ్య వాసన సరిగా తెలియడం లేదట.
బాల్కనీ ఖాళీగానే ఉంది.
అందులో కుర్చీ వేసుకుని, ఎదుటి భవనంలో
ఎవరు బట్టలు ఎలా ఆరేస్తున్నారో విమర్శిస్తోంది.
స్టవ్వు గుమ్మానికి నాలుగడుగుల దూరంలోనే ఉంది.
నేను అడగలేదు.

మధ్యాహ్నం తన తలగుడ్డ విప్పి
నా కళ్ళకు గంత కట్టింది.
"ఉప్పు తే."
పంచదార తెచ్చాను.
"ఉప్పు."
మోకాలికి బల్ల తగిలింది. ఏదో దొర్లింది.
మూడోసారికి వేళ్ళకు గరుగ్గా, చెమ్మగా
తగిలింది ఉప్పే.

"ఊఁ" అంది అత్త, ఎక్కడో నా కుడివైపు నుంచి.
"ఇప్పుడు కత్తి.
నెమ్మదిగా.
పదును నీ వైపుంది."