మంగళవారం కాదు

పడ్డం నేర్చుకో ముందు, అన్నాడు బైరాగి బిసోయి.
నడపడం నీకెలాగూ వచ్చు.

గుణుపురం మార్కెట్టు వెనక అతని షెడ్డు.
మాటలో సగం తెలుగు, సగం ఒడియా, మిగిలింది బూతు.
ఏడేళ్ళు వసూళ్ళకి తిరిగిన నా బండికే
అద్దాలు పీకాడు, ఇండికేటర్లు పీకాడు, హారన్ పీకాడు,
చీరగార్డు ఊడదీసి నా చేతిలో పెట్టి
"మీ ఆవిడకియ్యి, మొక్కజొన్న పొత్తులు కాల్చుకుంటాది" అన్నాడు.
సైలెన్సర్ మార్చడానికి మాత్రం డబ్బు చాలలేదు.
దాని దగ్గు దానికే ఉండిపోయింది.

వంశధార ఇసుకలో మొదటి పాఠం.
భయపడితే బ్రేకు తొక్కుతావు,
తొక్కితే ముందు చక్రం ముక్కుతో ఇసుకలో దిగబడుతుంది.
భయమేసినప్పుడే గ్యాసు ఇయ్యాలట.
టైర్లలో గాలి సగం తీసెయ్. కూర్చోకు.
మోకాళ్ళతో ట్యాంకు పట్టు, మోచేతులు విప్పు.
రాయిని చూడకు. రాయిని చూస్తే రాయికే పోతావు.
పక్కనున్న ఖాళీని చూడు.

ఖాళీని చూడ్డానికి మూడు వారాలు పట్టింది.
ఎడమ మోకాలు రెండుసార్లు,
క్లచ్ లీవర్లు నాలుగు,
ఇంట్లో పడ్డ మాటలకి లెక్క రాయలేదు.

పందెం ఆదివారం. నా నంబరు ముప్ఫై ఒకటి.
విశాఖ నుంచీ రాయపూర్ నుంచీ కుర్రాళ్ళు,
వాళ్ళ బూట్లే నా బండి కన్నా ఖరీదు.
చేతికిచ్చిన కార్డు మీద గంటలు, నిమిషాలు.
ఆలస్యమైతే శిక్ష, సరే.
ముందొచ్చినా శిక్షేనట!
కొండకింద గేటు దగ్గర నాలుగు నిమిషాలు
ఇంజను ఆపి, ఇప్పచెట్టు కింద ఊరికే నిలబడ్డాను.
ఏడేళ్ళలో ఏ గుమ్మానికీ
చెప్పిన వేళకి వెళ్ళినవాణ్ణి కాను.
తెల్లారకముందు వెళ్తే ఇంట్లో దొరుకుతారని
అప్పుల కంపెనీ నేర్పిన పాఠం.

జీడితోటల సందు. చోడిచేను గట్టు.
గుగ్గిలం వేళ్ళు తడిగా, దారికడ్డంగా.
ఆ పైన సబరల పల్లె.
నాకు ముందు పోయిన ముప్ఫై బళ్ళకీ తెరిచే ఉన్న తలుపులు
నా దగ్గు వినగానే
ఒకటి, ఇంకొకటి, ఆ చివరిది కూడా.

గెడ్డ దిగేచోట చూడకూడని రాయిని చూశాను.
బండి నీళ్ళలో పడుకుంది.
లేపాను. అవతలి ఒడ్డు జారింది. మళ్ళీ లేపాను.
మూడోసారికి చేతులు నావి కాకుండా పోయాయి.
ప్లగ్గు ఊడదీసి ఊదుకుంటుంటే
బిందెతో దిగొచ్చింది గుంపాయి సబర:
గ్రూపు పద్నాలుగు, మిగిలిన వాయిదాలు తొమ్మిది.
హెల్మెట్‌లోకి వంగి చూసింది.
"ఇయ్యేళ మంగళారం కాదు గదా?"
కాదమ్మా. ఆదివారం.
"మరెందుకొచ్చినావు?"
ఏం చెప్పను. ఊరికే, అన్నాను.
ఊరికేనా! అని పడీపడీ నవ్వి పిల్లల్ని కేకేసింది.

బయటివాళ్ళు చెయ్యి వేయకూడదని రూలుంది.
రూలు రాసిన కార్డు జేబులో నానిపోతోంది.
ఐదుగురు పిల్లలు, వాళ్ళ కుక్క, గుంపాయి.
వెనక చక్రం చిమ్మిన ఎర్రమట్టి ఆమె మొహం నిండా.
గట్టెక్కాక వెనక్కి చూడొద్దన్నాడు బైరాగి.
చూశాను.

నలభై ఆరు నిమిషాలు లేటు. నా వెనక ఇద్దరే.
బైరాగి ఏమీ అడక్కుండా
కిరసనాయిలుతో చైను కడిగాడు.

మంగళవారం రానే వచ్చింది.
గెడ్డకి ఇవతల ఇంజను ఆపాను.
ఆపి నడిస్తే దొంగచాటుగా వచ్చాడంటారు,
ఆపకుంటే తలుపులు.
హారనైనా లేదు.
చంకలో వసూళ్ళ పుస్తకం,
బూట్లలో ఇంకా ఆదివారం నీళ్ళు.